మోతాదు పెంచితే కణాలు ఎక్కువ బతికినట్టు ఎమ్‌టీటీ ఎందుకు చూపిస్తుంది?

పాలీఅనిలిన్ అనే వాహక పాలిమర్‌లో వెండి నానోరేణువులు కలిపిన నానోకాంపోజిట్‌ను ఎమ్‌సీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల మీద పరీక్షిస్తే, మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల దగ్గర తగ్గిన వయబిలిటీ (బతికున్న కణాల శాతం) 200 దగ్గర మళ్ళీ ఎందుకు పెరిగిందని అడిగారు. ఈ పరీక్షలో బతికున్న కణాలు ఎమ్‌టీటీ అనే పసుపు రంగును ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి, ఆ ఊదానే కొలుస్తాం. అక్కడ కణాలేమీ కోలుకోలేదు. మీ పదార్థం రంగు రీడింగులో కలిసిపోయింది.

పాలీఅనిలిన్ ఆమ్లంలో ఆకుపచ్చగా ఉంటుంది, పీహెచ్ 7.4 ఉన్న మీడియంలో నీలంగా మారుతుంది. ఆ నీలం 600 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. ఫార్మజాన్‌ను చదివేది 570 దగ్గర. పైగా ఫార్మజాన్‌ను కరిగించడానికి డీఎంఎస్ఓ ద్రావకం పోయగానే ఆ నీలం కొంత కరుగుతుంది కూడా. ప్లేటును తెల్లకాగితం మీద పెట్టి చూడండి: ఎక్కువ మోతాదు వెల్స్‌లో (గుంటల్లో) ఊదాకు బదులు నీలిఛాయ, అడుగున నల్లటి మడ్డి కనిపిస్తాయి.

కణాలు లేకుండా అవే మోతాదులతో రెండు వరసలు పెట్టండి, ఒకటి ఎమ్‌టీటీతో, ఒకటి లేకుండా. మొదటిదాంట్లో ఊదా వస్తే పదార్థమే ఎమ్‌టీటీని క్షయకరణం చేస్తోందన్నమాట. డీఎంఎస్ఓ తర్వాత సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను కొత్త ప్లేటులో చదవండి. అయితే ఫార్మజాన్ రేణువులకు అంటుకుని అడుక్కి పోతే ఈసారి రీడింగు తక్కువ వస్తుంది. అందుకే రంగుతో పనిలేని కాలనీ లెక్కింపు (బతికిన కణాలు పెరిగి కట్టిన గుంపులను లెక్కపెట్టడం) తప్పకుండా చేయాలి.

50 దగ్గరి తగ్గుదలనూ అప్పుడే నమ్మొద్దు. కడగడం సరిపోకపోతే మిగిలిపోయిన అనిలిన్ హైడ్రోక్లోరైడ్, పర్‌సల్ఫేట్, ఒలిగోమర్లే (పొట్టి గొలుసులే) కణాలను చంపుతాయి. 2.59 గ్రాముల అనిలిన్ హైడ్రోక్లోరైడ్‌కు 5.71 గ్రాముల అమ్మోనియం పర్‌సల్ఫేట్, చెరో 50 మిల్లీలీటర్ల నీటిలో: పాలీఅనిలిన్ తయారీకి ఇది అందరూ వాడే పాళ్ళే. అవక్షేపాన్ని 0.2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోనూ అసిటోన్‌తోనూ కడగాలి. తర్వాత అమ్మోనియా నీటిలో నీలం చేసి, మళ్ళీ ఆమ్లంలో ఆకుపచ్చ చేసి, ఇంకోసారి కడగాలి. ఈ రెండో విడతను చాలామంది వదిలేస్తారు, విషం ఎక్కువగా తగ్గేది అక్కడే.

వెండి చేర్చేముందు క్లోరైడ్‌ను పూర్తిగా తీసేయండి. లేదంటే సిల్వర్ క్లోరైడ్ పడుతుంది. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణ వివర్తనంలో) 38.1 డిగ్రీల దగ్గర వెండి శిఖరంతో పాటు 32.2 దగ్గర ఇంకోటి లేస్తే అదే.

ఉత్త పాలిమర్, కాంపోజిట్‌లో ఉన్నంతే వెండి, కాంపోజిట్‌ను 24 గంటలు నానబెట్టి తీసిన మీడియం: ఈ మూడూ పక్కపక్కన నడవాలి. మూడోదే చంపితే కారణం కరిగి బయటికొచ్చిన వెండి అయానో మలినమో అయ్యుంటుంది. దాన్ని పాలిమర్ వాహకత ఖాతాలో వేయకండి, పీహెచ్ 7.4 దగ్గర ఆ వాహకత దాదాపు పోయే ఉంటుంది.