తిన్నవారి లెక్కే రాయి

పొందూరు

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. బడిలో మధ్యాహ్న భోజనం బాధ్యత నువ్వే అడిగి తీసుకున్నావని చెప్పాడు. వాడి గొంతులో గర్వం ఎంత ఉందో, ఎందుకొచ్చిన తలనొప్పి అన్న విసుగూ అంతే ఉంది. నాకూ రెండూ కలిగాయి. ఉద్యోగంలో చేరి నిండా ఏడాది కాలేదు, అప్పుడే బియ్యం, పప్పు, గుడ్లు, గ్యాసు బండ, ఊళ్లో పదిమంది మాటలు నెత్తికెత్తుకున్నావు. నన్ను ఒక్క మాట అడగవలసింది. అడిగితే వద్దనేదాన్ని కాదు, అయినా అడగవలసింది.

తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. బియ్యం ఏరించి కడిగించు. నీళ్లలో వేసిన గుడ్డు తేలితే పారేయించు. పిల్లల చేతులకు సబ్బు, నీ రిజిస్టరుకు తాళం ఉండాలి. వడ్డించే ముందు ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని కేంద్రం 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. చాలా చోట్ల సంతకం పొద్దున్నే పడుతుంది, రుచి ఎవరూ చూడరు. నువ్వు అలా చేయవులే.

ఇక నా భయాలు. జులై 16 అంటే నాకు పడదు. 2004లో ఆ రోజున కుంభకోణంలో బడి వంటగది కప్పుకు అంటుకున్న నిప్పు తరగతి గదుల మీది పాకకు పాకి 94 మంది పిల్లలు పోయారు. 2013లో మళ్లీ అదే తేదీన బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షలో తేలింది. నూనె తేడాగా ఉందని వంటామె చెప్పినా వినిపించుకోలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ వార్త చదివిన మర్నాడు నేను మా బడి వంటగదిలో ఉన్న ప్రతి డబ్బా మూత తీసి వాసన చూశాను. వంట చేసే ఆయాలు నవ్వారు. నవ్వనీ.

మీది జీడితోటల ఊరు. మందు కొట్టాక ఖాళీ అయిన డబ్బా గట్టిగా ఉంది కదా అని కడిగి ఇంట్లో వాడుకునేవాళ్లు ఉంటారు. అలాంటి డబ్బా నీ వంటగది గడప దాటకూడదు. నూనె కంపెనీ సీలున్న ప్యాకెట్లలోనే రావాలి, విడి నూనె వద్దు. ఆయా ఏదైనా తేడాగా ఉందంటే నీకు తేడా తెలియకపోయినా పారబోయించు. ముప్పై ఏళ్లు వంట చేసిన ముక్కుకు మన బీఈడీ కన్నా ఎక్కువ తెలుసు.

ఇంకొకటి, నిప్పు కన్నా నన్ను ఎక్కువ నిద్రలేపేది. పొయ్యి మీంచి దించిన చారు గుండిగ. దాన్ని వరండాలో నేల మీద పెడతారు, గంట కొట్టగానే పిల్లలు పరుగెత్తుకొస్తారు, వెనకవాడు ముందువాణ్ణి తోస్తాడు. ఇలాంటి వార్త ఏడాదికి ఒకటైనా చదువుతూనే ఉన్నాం. గుండిగకు నీ నడుమెత్తు బల్ల ఒకటి చేయించు, సర్పంచి గారిని అడుగు, ఇవ్వకపోతే నన్ను అడుగు. ముందు పిల్లలు కూర్చోవాలి, తరువాతే గిన్నెలు వాళ్ల దగ్గరికి రావాలి. పెద్ద తరగతి పిల్లల చేత గుండిగ మోయించే అలవాటు మీ బడిలో ఉందేమో చూడు. ఉంటే ఈ రోజే ఆపించు, హెడ్మాస్టరు గారు ఏమనుకున్నా సరే.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది దీని కోసమే.

మన రాష్ట్రంలో వండిన భోజనం 2003 జనవరిలో మొదలైంది. అంతకు ముందు 1995 పథకం కింద హాజరు ఉన్న పిల్లకు నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవాళ్లం. అది ఇంటికి పోయి అందరి కుండలో కలిసేది. వండి పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాకే పొయ్యి బడికి వచ్చింది. అప్పట్లో నేను పనిచేసే ఊళ్లో వంట బాధ్యత ముగ్గురు ఆడవాళ్ల డ్వాక్రా సంఘానికి ఇచ్చారు. బియ్యం ప్రభుత్వం ఇచ్చేది. పప్పు, నూనె, కూరగాయలు, కట్టెలు వాళ్లే కొనుక్కుని వండాలి, డబ్బు తరువాత బిల్లుగా వచ్చేది. ఆ తరువాత అన్నది రెండు నెలలు కావచ్చు, నాలుగు కావచ్చు. కిరాణా కొట్టతను అరువిచ్చాడు. అరువుకు వడ్డీ వేశాడు. ముగ్గురిలో పెద్దామె చెవి కమ్మలు తాకట్టుకు పోయాయి.

మా హెడ్మాస్టరు గారు అది చూసి తట్టుకోలేకపోయారు. మంచి మనిషి. పేరు రాయను, ఇప్పుడు లేరు కూడా. "రోజుకు ఇరవై మందిని ఎక్కువ రాద్దాం. ఆ డబ్బుతో వీళ్ల వడ్డీ తీరుతుంది. పిల్లల నోటి దగ్గరిది తీయడం లేదు కదా" అన్నారు. నేను అప్పుడు అక్కడ అందరికన్నా చిన్న టీచరును. వద్దండీ అన్నాను. నీకు జాలి లేదమ్మా అన్నారు.

డబ్బు సంగతి ఆయన ఆలోచించారు, బియ్యం సంగతి ఆలోచించలేదు. పిల్లకు 100 గ్రాముల లెక్కన ఇరవై మందికి రోజుకు 2 కిలోలు. రిజిస్టరులో అవి వండినట్టు, తిన్నట్టు ఉంటాయి. గదిలో మాత్రం అలాగే ఉంటాయి. పాతిక పనిదినాలు తిరిగేసరికి 50 కిలోలు, అంటే ఒక నిండు బస్తా. లెక్కలో లేని బస్తాను బడిలో ఎక్కడ దాస్తావు? తనిఖీకి వచ్చేవాళ్లు మొదట లెక్కపెట్టేది బస్తాలనే. ఆ బస్తా ఒక రాత్రి కిరాణా కొట్టుకు పోయింది, అప్పు కింద జమ. మరుసటి నెల ఇంకొకటి. అప్పటి నుంచి కొట్టతను మా బడికి యజమాని అయ్యాడు. అతను ఇచ్చిందే పప్పు. కందిపప్పులో బఠాణీ పప్పు కలిసేది, తరువాత తరువాత బఠాణీ పప్పులో కంది కలిసేది. ఎవరైనా నోరెత్తితే "బియ్యం మాట చెప్పమంటారా?" అనేవాడు. చారు నీళ్లయింది. పిల్లల నోటి దగ్గరిది తీయడం లేదన్న మాట ఆరు నెలలైనా నిలవలేదు.

ఎవరో అర్జీ పెట్టారు. కొట్టు వెనక ప్రభుత్వ ముద్ర ఉన్న సంచులు దొరికాయి. హెడ్మాస్టరు గారికి బదిలీ అయింది, అదీ వాళ్ల ఇంటికి దగ్గరగా. సంఘాన్ని వంట నుంచి తీసేశారు. కొట్టతనికి ఏమీ కాలేదు. అప్పు మాత్రం ఆ ముగ్గురి పేరు మీదే మిగిలింది. పెద్దామె దాన్ని తీర్చడానికి మద్రాసు పోయి కట్టడాల దగ్గర ఇసుక మోసింది. రిజిస్టరులో ఒక్క అంకె కూడా ఆమె రాయలేదు. ఆమెకు రాయడం రాదు.

హెడ్మాస్టరు గారు ఒక్క రూపాయి ఇంటికి పట్టుకుపోలేదు తల్లీ. అందుకే నీకు ఇంత రాస్తున్నాను. దొంగతనం నువ్వు చేయవు, ఆ భయం నాకు లేదు. నా భయమంతా నీ జాలి గురించే. చిన్నప్పుడు వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చి, గోడ మీది క్యాలెండరులో పాల లెక్కకు ఒక గీత ఎక్కువ పెట్టేదానివి గుర్తుందా? పాలతని కొడుకుకు చెప్పులు లేవని. నెలాఖరుకు లెక్క తేలక నేను అతనితో పోట్లాడితే, చాటున నిలబడి ఏడ్చావు కానీ నిజం చెప్పలేదు. మామయ్యే కనిపెట్టాడు. అప్పుడు ఎత్తుకుని ముద్దాడాను. ఇప్పుడు అది తలచుకుంటే గుండె దడగా ఉంది.

కాబట్టి ఎంతమంది కూర్చుని తిన్నారో అంతే రాయి. పొద్దుటి హాజరు కాదు, తిన్నవారు. నీరసంగా ఉందని ఇంటికి పోయినవాణ్ణి, అమ్మ క్యారేజీ కట్టిచ్చినవాణ్ణి కలపకు. ఇప్పుడు ఫోనులోనే పంపుతారు కదా, సౌకర్యంగా ఉందని పదింటికే పంపేసి కూర్చోకు. ఆయాలకు జాలి చూపాలంటే వేరే దారులున్నాయి. వాళ్ల గౌరవ వేతనం నెలకు 3 వేలు, అదీ సమయానికి రాదు. బిల్లు ఆగిన ప్రతి నెలా మండల విద్యాధికారికి కాగితం మీద రాసి, అందినట్టు సంతకం తీసుకో. నోటిమాటకు ఎవరూ కదలరు. ఆకుకూరలు, మునగ, టమాటా బడి పెరట్లో వేయించు. ఊళ్లో పుట్టినరోజులు, పెళ్లిరోజులు చేసుకునేవాళ్లను పప్పో పళ్లో ఇమ్మని అడుగు, తిథి భోజనం అని పథకంలోనే దానికి చోటు పెట్టారు. వండిన పదార్థం మాత్రం బయటి నుంచి రానివ్వకు. ఇవేవీ చాలకపోతే నీ జేబులోంచి ఇయ్యి, లెక్కలోంచి ఇవ్వకు.

నిజమైన లెక్కకు ఇంకో ఉపయోగం ఉంది. సంక్రాంతి దాటాక తిన్నవారి సంఖ్య రోజుకు ఒకరిద్దరు చొప్పున తగ్గుతుంది. అంటే ఊళ్లో ఇళ్లకు తాళాలు పడుతున్నాయని అర్థం. అమ్మానాన్నలు చెన్నైకో హైదరాబాదుకో పోతూ పిల్లలను వెంట తీసుకుపోతున్నారని. ఆ పూటే ఇంటికి పోయి, పిల్లను అమ్మమ్మ దగ్గర ఉంచమని అడగగలిగితే కొందరైనా ఆగుతారు. ఇరవై మందిని కలిపి రాసే బడిలో ఆ తగ్గుదల ఎవరి కంటా పడదు.

పోయినవాళ్లు తిరిగి కూడా వస్తారు. నా ఉద్యోగం చివరి రోజుల్లో మూడో తరగతి పిల్లాడు ఒకడు చెన్నై నుంచి ఏడాది మధ్యలో వచ్చాడు. అక్కడ కార్పొరేషన్ బడిలో చదివాడు. రోజూ తొమ్మిదింటికే వంటగది ముందు నిలబడేవాడు. ఏమిరా అంటే "అక్కడ పొద్దున్నే పొంగలి పెట్టేవాళ్లు టీచర్" అన్నాడు. నిజమే, తమిళనాడులో 2022 సెప్టెంబరు నుంచి ప్రాథమిక తరగతులకు ఉదయం టిఫిను కూడా పెడుతున్నారు. అసలు ఈ బడి భోజనమే ఆ నగరంలో పుట్టింది. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి గారు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా థౌజండ్ లైట్స్‌లోని బడిలో మొదలుపెట్టారు, పిల్లకు రోజుకు అణా మించకూడదన్న షరతుతో. అప్పుడు మన శ్రీకాకుళం కూడా మద్రాసు కిందే ఉండేది, కానీ ఆ అణా ఇంత దూరం రాలేదు. ఇప్పుడు ప్రాథమిక బడి పిల్లకు పప్పు, కూర, నూనె, పోపు, గ్యాసు అన్నింటికీ కలిపి కేంద్రం కట్టిన ధర, 2025 మేలో పెంచాక, 6 రూపాయల 78 పైసలు. పెంచినందుకు సంతోషించాలో, ఆ పైసలను చూసి నవ్వాలో నువ్వే చెప్పు.

ఆ పిల్లాడి వల్ల నాకు తెలిసింది, రాత్రి కూడా తినకుండా బడికి వచ్చేవాళ్లు ఉన్నారని. రాగిజావ ఇచ్చే రోజుల్లో మొదటి గంటకు ముందే ఇప్పించు, తీరుబడిగా పదకొండింటికి కాదు. అలా మధ్యలో వచ్చినవాణ్ణి పేరు లేదని పంక్తిలోంచి లేపకు. ముందు పెట్టు, అదే పూట పేరు ఎక్కించు. అప్పుడు లెక్క పెరుగుతుంది, అదీ నిజమైన లెక్కే.

వండేది ఎవరు, ఏ కులమని ఎవరైనా తల్లి వచ్చి అడిగితే వాదనకు దిగకు. నీ కంచం తెచ్చుకుని పిల్లల పక్కన కూర్చుని తిను. మొదటి వరసలో కాదు, చివరి వరసలో. అక్కడికి వచ్చేసరికి చారులో ముక్కలు ఉన్నాయో లేవో, గుడ్డు దొరికిందో లేదో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. నాకు షుగరు వచ్చాక కూడా నేను అక్కడే తిన్నాను, మీ మామయ్య ఎంత కోప్పడినా. ఇప్పుడు సన్నబియ్యం ఇస్తున్నారట, నీ అదృష్టం.

కిడ్నీ జబ్బులతో అల్లాడే మీ ఉద్దానం నీళ్ల సంగతి నాకు వేరే దిగులు. వంటకూ తాగడానికీ పంచాయతీ బోరు నీళ్లు వాడుతున్నారా, కుళాయి నీళ్లా? పొయ్యి ఉన్న గదికీ ఒకటో తరగతి గుమ్మానికీ మధ్య ఎన్ని అడుగులుంది? పాదంతో కొలిచి ఈ రెండింటికీ జవాబు రాయి, ఫోనులో చెబితే నేను మరిచిపోతాను. బల్లకు ఎంత అవుతుందో వడ్రంగిని అడిగి అదీ రాయి, మీ నాన్న చేతికి ఇచ్చి పంపుతాను.

మీ అత్త