మానేయండమ్మా, కానీ వచ్చే నెలలో కాదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాకు 29 ఏళ్లు. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ వారి బంగారు రుణాల శాఖలో పని చేస్తున్నాను. వచ్చే డిసెంబరుకు ఐదేళ్లు నిండుతాయి. జీతం 24,500, అందులో బేసిక్ 13,000. ఒకటో తారీఖున ఠంచనుగా పడుతుంది. ఇంట్లో అందరికీ అదే ధైర్యం. నాకు మాత్రం ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపులో తిప్పుతుంది. ఈ మధ్య మా వీధిలో పాలు పోసే ఆవిడ పుస్తెలతాడు కుదువ పెట్టడానికి వచ్చింది. గీటురాయి మీద గీసి, పూసల బరువు తీసేసి, నికర తూకం చెప్పాను. ఆమెకు కావలసింది ఇరవై వేలు. నలభై తీసుకోమని మా మేనేజరు నా చేత చెప్పించారు, నెలాఖరు టార్గెట్ కోసం. ఆమె నా మొహం చూసి సరేనంది. రేపు వడ్డీ కట్టలేకపోతే వేలం నోటీసు పంపవలసింది కూడా నేనే.

భీమవరంలో రొయ్యల చెరువుల ల్యాబ్ ఒకదానిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఉందని నాతో చదువుకున్న అమ్మాయి చెప్పింది. నెలకు 7,000 ఇస్తారట. తరువాత ఉద్యోగం ఇస్తామన్నది నోటి మాటే. వచ్చే నెలలోనే చేరమంటున్నారు. మా వారు రైసు మిల్లులో గుమాస్తా. పాప రెండో తరగతి. నా పేరున 80,000 డిపాజిట్ ఉంది. నెలకు 5,000 చీటీ ఇంకా ఎనిమిది వాయిదాలు కట్టాలి, పాట పాడుకోలేదు. ‘ఉన్న ఉద్యోగాన్ని కాలదన్నుకుంటావా’ అని అత్తగారు అంటున్నారు. మానేయనా, వద్దా?
– పేరు వద్దన్న పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మానేయండమ్మా. అయితే వచ్చే నెలలో కాదు. చేరబోయేది ఆ ల్యాబేనా అన్నది కూడా ఇప్పుడే ఖాయం చేసుకోకండి.

మీరు జీతం చాలడం లేదని రాయలేదు. పని ఎక్కువైందనీ రాయలేదు. పాలు పోసే ఆవిడ మీ మొహం చూసి సరేనన్న సంగతి రాశారు. మిమ్మల్ని తినేస్తున్నది అదే. అవసరంలో ఉన్న మనిషి నమ్మి ఎదురుగా కూర్చుంటే, ఆ నమ్మకాన్ని కంపెనీ టార్గెట్‌లో జమ కట్టవలసి వస్తోంది. ఉపాధి కల్పన కార్యాలయంలో నేను పని చేసినంత కాలం, ఉద్యోగం లేనివారితో పాటు ఉన్న ఉద్యోగం వద్దనుకునేవారు కూడా వచ్చి కూర్చునేవారు. వారిలో చాలా మందికి తాము దేని నుంచి తప్పించుకోవాలనుకుంటున్నారో స్పష్టంగా తెలిసేది కాదు. వెళ్లిన చోట మళ్లీ అదే ఎదురయ్యేది. మీకు తెలుసు, అది పెద్ద బలం. కాబట్టి కొత్త చోట మీరు మొదట చూడవలసింది స్టైపెండ్ కాదు, ఆ టార్గెట్ అక్కడ కూడా ఉందా అన్నది.

ఎందుకంటున్నానంటే, భీమవరం చుట్టుపక్కల ల్యాబ్ అని బోర్డు పెట్టిన వాటిలో చాలా వాటి వెనక మేత కంపెనీయో, మందుల దుకాణమో ఉంటుంది. రైతు సీసాలో నీళ్లు తెస్తే పరీక్షకు పెద్దగా డబ్బు తీసుకోరు, కొన్నిచోట్ల అసలే తీసుకోరు. రిపోర్టుతో పాటు రాసిచ్చే మినరల్స్, ప్రోబయాటిక్స్ డబ్బాల మీదే వారి రాబడి. అందరూ మోసం చేస్తారని నేననను. రైతు మేలు కోరే టెక్నీషియన్లు అలాంటి చోట్ల కూడా ఉన్నారు. కానీ అమ్మకం ఉన్న చోట నెలాఖరు ఉంటుంది. ఇక్కడ పాలావిడ కూర్చున్న కుర్చీలో అక్కడ రెండెకరాల చెరువు కౌలుకు తీసుకున్న రైతు కూర్చుంటాడు. మీ కడుపులో తిప్పడం మళ్లీ మొదలవుతుంది, ఈసారి మూడో వంతు జీతం కూడా లేకుండా.

దీన్ని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ‘చెరువులో రొయ్యకు ఈహెచ్‌పీ పాజిటివ్ వస్తే రైతుకు ఏమి చెబుతారు?’ అని అడగండి. మీకు తెలిసిన విషయమే, మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. రొయ్య జీర్ణగ్రంథిలో చేరే సూక్ష్మజీవి అది. వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు లాగా చెరువును రోజుల్లో ఊడ్చేయదు. రొయ్య మేత తింటూనే ఉంటుంది, ఎదుగుదల మాత్రం ఉండదు. నెలలు గడిచినా కిలోకు వంద కౌంటు, అంటే కిలోకు వంద చిన్న రొయ్యలు తూగే దగ్గరే నిలిచిపోతుంది. మేత బిల్లు మాత్రం నిలవదు. నయం చేసే మందు లేదు. సీడ్, అంటే రొయ్య పిల్లలను చెరువులో వదలకముందే వాటికి పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేయించడం, పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగట్టి సున్నం వేయడం, ఉన్న దారులు ఇవే. ‘మందు లేదనే చెబుతాం, ఇంకా మేపితే ఎంత ఖర్చవుతుందో, ఇప్పుడే పట్టేస్తే ఎంత మిగులుతుందో లెక్క వేసి చూపిస్తాం’ అన్న ల్యాబ్ దొరికితే అక్కడ చేరండి. ‘దానికి మా దగ్గర మంచి ప్రోడక్ట్ ఉంది’ అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

చెవులతో విన్నది చాలదు, కళ్లతో చూడాలి. ఆదివారం మీకు సెలవే కదా, పొద్దున్నే బయలుదేరి వెళ్లండి. చెరువు నీళ్లలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది. రాత్రంతా ఏరేటర్ల దగ్గర కాపలా కాసిన రైతులు గట్టు మీది నుంచి నేరుగా ల్యాబ్‌కు వస్తారు, చేతిలో నీళ్ల సీసా, ఇంకో కవరులో నాలుగు రొయ్యలు. లోపల ఇంక్యుబేటర్ నుంచి ముందు రోజు వేసిన టీసీబీఎస్ ప్లేటు (విబ్రియో బ్యాక్టీరియాను పెంచి చూసే పళ్లెం) తీసి వెలుతురుకు పట్టి చూస్తుంటారు. ‘గ్రీన్ ఎన్ని వచ్చాయండీ?’ అని రైతు అడుగుతాడు. పసుపు చుక్కలకన్నా ఆకుపచ్చ చుక్కలకు ఎక్కువ భయపడాలని అనుభవం మీద నేర్చుకున్నవారు వాళ్లు. అప్పుడు మీరు రైతును కాదు, ఇంటర్న్‌గా చేరిన పిల్లలను గమనించండి. ప్లేటు పక్కన నిలబడి కాలనీలు లెక్కపెడుతున్నారా? ఆల్కలినిటీ టైట్రేషన్ వారి చేత చేయిస్తున్నారా? పీసీఆర్ గదిలోకి వారిని రానిస్తున్నారా, లేక సింకు దగ్గర సీసాలు కడిగిస్తున్నారా? సీసాలు కడగడం నామోషీ కాదు. ఆరు నెలలూ అదే అయితే మీ 7,000 కూడా మీకు దండగే.

నేర్పుతామన్నది ఒక కాగితం మీద రాసివ్వమని అడగండి. ఎన్ని నెలలు, ఎంత స్టైపెండ్, ఏయే పరీక్షలు మీ చేత చేయిస్తారు, చివర ధ్రువపత్రంలో ఏమి రాస్తారు అన్న నాలుగు ముక్కలు ఉంటే చాలు. ‘తరువాత ఉద్యోగం’ అన్న మాట కోసం పట్టుబట్టకండి, దాన్ని ఎవరూ రాసివ్వరు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు ప్రమాణాల గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ అయితే మరీ మంచిది. అక్కడ ప్రతి పరీక్షకూ రాసిపెట్టిన పద్ధతి ఉంటుంది, ఎవరికి ఏమి నేర్పారో నమోదు చేయాలి. అలాంటి చోట ఆరు నెలలు చేస్తే చెరువుల ల్యాబ్‌లకే కాదు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల నాణ్యత విభాగాలకు కూడా పనికొస్తారు. విదేశాలకు వెళ్లే సరుకులో నిషేధిత యాంటీబయాటిక్ అవశేషం దొరికితే సరుకు మొత్తం తిరస్కరిస్తారు. అందుకే మీ చదువు చదివినవారు ఆ ప్లాంట్లకు తప్పనిసరి. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థలో స్వల్పకాలిక శిక్షణలు ఎప్పుడు ఉంటాయో కూడా కనుక్కోండి.

ఇక తేదీల సంగతి. ఇప్పుడు జూలై. మరో ఐదు నెలలు ఓపిక పట్టగలరా? పట్టాలి. ఐదేళ్ల సర్వీసు పూర్తయితే గ్రాట్యుటీ కింద, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ చట్ట ప్రకారం ఇచ్చే సొమ్ముగా, మీకు రావలసినది ఉంది. నెల బేసిక్‌ను 26తో భాగించి, 15తో హెచ్చవేసి, సర్వీసు ఏళ్లతో హెచ్చవేయాలి. మీ 13,000 మీద ఐదేళ్లకు 37,500. నాలుగేళ్ల 240 రోజులు చాలని మీ సహోద్యోగులు చెప్పవచ్చు. అలాంటి కోర్టు తీర్పులు ఉన్నమాట నిజమే కానీ, చట్టంలో ఉన్నది ఐదేళ్లు. కోర్టు మెట్లు ఎక్కే పని మీకెందుకు? నోటీసు కాలం కలిపితే ఐదేళ్లు దాటుతాయి కదా అని ముందే రాజీనామా ఇవ్వకండి. నోటీసు మాఫీ చేశామంటూ కంపెనీ ముందుగానే పంపించేస్తే ఆ రోజులు మీ లెక్కలోకి రావు. ఐదేళ్లు నిండిన మరుసటి వారం రాజీనామా ఇవ్వండి. రెండు నెలల నోటీసు అనుకుంటే ఫిబ్రవరికి బయటపడతారు. వేసవి పంటకు సీడ్ వదిలే కాలం అదే. ఇప్పుడు చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య పంట నాలుగు నెలల వ్యవహారం కాబట్టి, ఆరు నెలల్లో ఒక పంటను సీడ్ పరీక్ష నుంచి పట్టుబడి దాకా పూర్తిగా చూస్తారు. ఆగస్టులో మధ్యలో దూరితే ఆ వరుస దొరకదు. ‘అప్పటిదాకా ఆగం’ అని ఆ ల్యాబ్ అంటే వదిలేయండి. సీజన్ మొదట్లో మనుషులు కావలసిన ల్యాబ్‌లు ఇంకా ఉంటాయి.

మీ ఇంటి లెక్క నేను వేసి చూశాను. 24,500కూ 7,000కూ మధ్య తేడా నెలకు 17,500, ఆరు నెలలకు 1,05,000. గ్రాట్యుటీ పోను 67,500 మీ డిపాజిట్ నుంచి తీయాలి. మిగిలేది 12,500. పాప ఉన్న ఇంటికి అది చాలదు. అందుకే ఈ ఏడు నెలలూ జీతంలో ఎంత వీలైతే అంత పక్కన పెట్టండి. ఎనిమిది వాయిదాల చీటీ కూడా మీరు మానే నాటికి ముగింపుకు వస్తుంది. ఆ డబ్బు చేతికొస్తే ఇంటర్న్‌షిప్ ఖర్చులో కలపకండి, పాప పేరు మీద వేయండి. పీఎఫ్ మాత్రం అస్సలు తీయవద్దు. రేపు పీఎఫ్ ఉన్న ప్లాంటులో చేరితే పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకిచ్చే శాశ్వత సంఖ్య) కిందే కొనసాగించుకోవచ్చు, పింఛనుకు కావలసిన పదేళ్లలో ఈ ఐదేళ్లూ కలుస్తాయి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా మీ చివరి పనిదినంతో ఆగిపోతుంది, వేరే పాలసీ ముందే తీసుకోండి. రిలీవింగ్ లెటర్ చేతికి తీసుకోనిదే గుమ్మం దాటకండి.

మీ అత్తగారి మాట తీసిపారేయలేను. ఈ జిల్లాలో ఆ వయసువారెవరూ 1990ల నడుమ వైట్ స్పాట్ వచ్చిన రోజులు మరచిపోలేదు. టైగర్ రొయ్య మీద మేడలు కట్టినవారు పొలాలు అమ్ముకున్నారు. చెరువుల మీద పని చేసిన డిగ్రీ కుర్రాళ్లు మా కార్యాలయానికి పేరు నమోదు చేయించుకోవడానికి వచ్చేవారు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ నిండాయి. మొన్న 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచేసరికి మళ్లీ అందరి గుండెలూ జారాయి. ఒకటో తారీఖు జీతం ఇచ్చే ధీమా ఈ రంగంలో లేదు. ఆ నిజాన్ని ఆవిడ దగ్గర దాచకండి. పైన వేసిన లెక్కను ఒక తెల్ల కాగితం మీద రాసి, మీ వారిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. పాలావిడ సంగతి కూడా చెప్పండి. మీ మనసు ఎందుకు విరిగిందో ఆవిడ ఇప్పటిదాకా విని ఉండరు, ఉద్యోగం మానేస్తానన్న మాట మాత్రమే విన్నారు.

ఈలోగా ఒక పని చేయండి. ఆ పాలావిడ ఖాతా తీసి, వాడుకోని డబ్బు ఇంకా ఆమె దగ్గర ఉంటే అసలులోకి కట్టించండి. కట్టినంత మేరకు ఆ రోజు నుంచే ఆమెకు వడ్డీ తగ్గుతుంది. మీరింకా ఆ కుర్చీలోనే ఉన్నారు కాబట్టి అది మీ చేతిలో ఉన్న పనే.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మండపేటలో ఒక మిల్లులో లెక్కలు రాస్తాను. ఇంటి నుంచే చేసే సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ ఇస్తామనీ, ముందుగా 45,000 కడితే మూడు నెలల తరువాత ఉద్యోగం గ్యారంటీ అనీ ఫోన్లో చెబుతున్నారు. పని మానేసి చేరవచ్చా?
– ఒక పాఠకుడు, కోనసీమ సరిహద్దు పల్లె

జవాబు: కట్టవద్దు బాబూ. పని నేర్చుకోవడానికి మనం డబ్బు కడితే దాన్ని కోర్సు అంటారు. కోర్సుగానే చూసి, పాఠం చెప్పేది ఎవరో, ఇంతకుముందు నేర్చుకున్నవారు ఎక్కడ పని చేస్తున్నారో కనుక్కున్నాక ఆలోచించండి. ఉద్యోగం గ్యారంటీ అని ఫోన్లో చెప్పి, ఈ సాయంత్రంలోగా కట్టమని తొందరపెట్టేవారికి రూపాయి కూడా పంపవద్దు. 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరినవారికైతే సంస్థే స్టైపెండ్ ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదుకు రుసుము లేదు, అక్కడ వెతకండి. ఇప్పటికే ఎంతో కొంత పంపి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.