బోర్డు ముందే కొనాలా?

ప్రశ్న: నేను బీకాం చదువుతున్నాను. మైక్రోకంట్రోలర్ (పరికరాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్పు) నేర్చుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో బోలెడు వీడియోలు, ఏది పట్టుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ముందు బోర్డు కొనాలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అప్పుడే కొనకమ్మా. టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరువు. తెర మీదే ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు, బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చి కలిపే పలక) పెట్టి వైర్లు కలపొచ్చు. ఎల్‌ఈడీని రెసిస్టర్ (కరెంటును తగ్గించే భాగం) లేకుండా కలిపి చూడు, బొమ్మ మీదే హెచ్చరిక వస్తుంది. అక్కడ కాలిపోయినా పైసా ఖర్చు లేదు! ఇప్పుడు 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టు. 5 వోల్టుల్లో ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 2 పోతాయి. మిగిలిన 3ని 220తో భాగిస్తే సుమారు 14 మిల్లీఆంపియర్లు. ఊనో పిన్ను నుంచి వచ్చే కరెంటు 20 మిల్లీఆంపియర్లు దాటకుండా చూసుకోవాలి. ఈ లెక్క కాగితం మీద నువ్వే వెయ్యి, వీడియో చూస్తే రాదు.

ప్రోగ్రాములకు ఆర్డుయినో ఐడీఈ (ప్రోగ్రాం రాసి బోర్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్)లోని ఎగ్జాంపుల్స్ చాలు. ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పే ‘బ్లింక్’ అందరికీ వస్తుంది. అసలు పరీక్ష ‘బ్లింక్ వితౌట్ డిలే’. డిలే (కాసేపు ఆగమనే ఆదేశం) నడుస్తున్నంతసేపూ ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది, బటన్ నొక్కినా పట్టించుకోదు. ‘మిల్లిస్’ (ప్రోగ్రాం మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే ఆదేశం)తో టైము చూసుకోవడం వచ్చేదాకా ముందుకెళ్లకు.

ఈఎస్‌పీ32 అనే ఇంకో మైక్రోకంట్రోలర్ తర్వాత చూద్దువుగాని, దానికి వోక్వి సిమ్యులేటర్ (ఇదీ తెర మీదే సర్క్యూట్ నడిపి చూపేదే) బాగుంటుంది. ఈఎస్‌పీ32 3.3 వోల్టుల చిప్పు, 5 వోల్టుల సిగ్నల్ నేరుగా ఇవ్వకూడదు.

బోర్డు కొన్నాక కంప్యూటర్‌లో దాని పోర్టు కనబడకపోతే ముందు కేబుల్ మార్చు. కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కే పనికొస్తాయి. అప్పటికీ రాకపోతే సీహెచ్340 (యూఎస్‌బీతో మాట్లాడే చిప్పు) డ్రైవర్, అంటే దాన్ని కంప్యూటర్ గుర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్ వేసి చూడు, చవక బోర్డుల్లో తరచూ ఆ చిప్పే ఉంటుంది.