వెల్డింగ్ రాడ్డు అతుక్కుపోతోంది, పైపుకి చిల్లు పడుతోంది... ఏం చెయ్యాలి?

పోయిన నెల ఇంటి కారు షెడ్డులోనే వెల్డింగ్ నేర్చుకోవడం గురించి రాశాను కదా, ఇంతమంది ఇళ్ళల్లో రాడ్లు (కరిగించి ఇనుముని అతికే పుల్లలు) కాలుస్తున్నారని నాకు అప్పటిదాకా తెలీదు. వచ్చిన ప్రశ్నలన్నిటికీ జవాబు రాయడం నావల్ల కాదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి ఏరి పెట్టాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు, అందుకే ఊళ్ళు మాత్రమే వేశా.

ప్ర (తణుకు): సార్, 200 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ కొన్నాను, వీడియోలు చూసి మొదలెట్టాను. రాడ్డు ముట్టించగానే అతుక్కుపోతోంది, సరే అని ఆంప్స్ పెంచితే పైపుకి చిల్లు పడుతోంది. 16 గేజ్ స్క్వేర్ పైపు, 2.5 మి.మీ. రాడ్డు. మెషిన్‌లో ఫాల్టా?

జ: మెషిన్ బంగారంలా ఉంది, దాన్నేం అనకు. మొదటిరోజే 16 గేజ్ మీద కూర్చున్నావ్ చూడు, అదీ తప్పు. 16 గేజ్ అంటే మందం 1.6 మి.మీ. మాత్రమే, పదేళ్ళ అనుభవం ఉన్నవాడు కూడా దాని మీద ఒళ్ళు దగ్గరపెట్టుకుని చేస్తాడు. ముందు పాత ఇనప సామాన్ల కొట్టుకెళ్ళి 5, 6 మి.మీ. మందం పట్టీ ముక్కలు కిలోల లెక్కన తెచ్చుకో. తుప్పంతా గ్రైండర్‌తో తుడిచెయ్, ఎర్త్ క్లాంపు (మెషిన్ రెండో వైరుని ఇనుముకి తగిలించే క్లిప్పు) పట్టించే చోట కూడా తుడువు, చాలామందికి రాడ్డు అతుక్కుపోయేది తుప్పు మీద పెట్టిన ఆ ఎర్త్ వల్లే, వాళ్ళేమో రాడ్డుని తిడుతుంటారు.

6013 రకం రాడ్డు, 2.5 సైజు, 75 నుంచి 80 ఆంప్స్ పెట్టు. రాడ్డుని పొడిచినట్టు కాకుండా అగ్గిపుల్ల గీసినట్టు గియ్యి, వెలగగానే రాడ్డు లావెంతో అంత ఎత్తులోనే ఉంచు, అంటే రెండున్నర మిల్లీమీటర్లు. రాడ్డు కరుగుతూ పొట్టిదవుతుంటుంది కదా, చెయ్యి కూడా దానితోపాటు కిందకి దిగుతూ ఉండాలి, కొత్తవాళ్ళందరూ పక్కకి జరుపుతారు గానీ కిందకి దించడం మర్చిపోతారు. చెవి పెట్టి విను, తాలింపు గింజల్లా చిటపటలాడితే రాడ్డు దూరమైపోయిందని, బజ్జీలు వేగుతున్నట్టు ఒకే తీరున సర్రుమంటుంటే సరిగ్గా ఉందని. కళ్ళు వెలుగు మీద కాదు, దాని వెనకాల కరిగిన ఇనుము చిన్న మడుగులా కనిపిస్తుంది, దాని మీద పెట్టు. ఆ మడుగు కనపడని రోజుల్లో నువ్వు చేసేది వెల్డింగ్ కాదు, ఊరికే రాడ్లు కాల్చడం. నాకది కనపడ్డానికి రెండు ప్యాకెట్లు పట్టింది.

వెల్డింగ్ గీత సరిగ్గా పడితే చల్లారాక స్లాగ్ (గీత పైన కట్టే పెంకు) ఎండిన గోరింటాకులా దానంతటదే పెచ్చులుగా లేస్తుంది, సుత్తితో బాది బాది తియ్యాల్సి వస్తే ఇంకా రాలేదన్నమాట. ఇంకోటి, మీ గోదావరి జిల్లాల్లో వానాకాలం రాడ్లు చెమ్మ పట్టేస్తాయి, తెరిచిన ప్యాకెట్ని బిగుతు మూత డబ్బాలో పెట్టుకో. ఒక ప్యాకెట్ పట్టీల మీద అవగొట్టాక పైపు దగ్గరకి రా. అప్పుడు 50, 60 ఆంప్స్‌కి దించి, హోల్డర్ని (రాడ్డు పట్టుకునే పిడి) మెషిన్ మైనస్‌కి మార్చి, గీత లాగకుండా చుక్క పెట్టడం, ఆపడం, చల్లారనివ్వడం, మళ్ళీ చుక్క పెట్టడం, అలా వెళ్ళు. చిల్లులు తగ్గుతాయి. పూర్తిగా పోవు, మావీ పోలేదు.

ప్ర (నంద్యాల): కిటికీ ఫ్రేమ్ నాలుగు ముక్కలు కొలిచి కరెక్టుగానే కోశాను, నేల మీద పెడితే చక్కగా ఉంది. వెల్డింగ్ అయ్యాక చూస్తే ఒక మూల పైకి లేచింది, పక్కకి కూడా వాలింది. ఎందుకలా?

జ: కాగిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ పక్కనున్న పైపుని లాక్కుంటుంది. నులకమంచాన్ని ఒకవైపే లాగి బిగిస్తే ఏమవుతుంది? ఇదీ అంతే. ఒక మూల మొత్తం పూర్తిచేసి రెండో మూలకి వెళ్ళినట్టున్నావ్. నాలుగు మూలలా ముందు బఠాణీ గింజంత ట్యాకింగ్‌లు (తాత్కాలికంగా పట్టి ఉంచే చుక్కలు) మాత్రమే కొట్టు, మూలమట్టం పెట్టి చూడు, మూలమట్టాన్ని కూడా నమ్మకుండా టేపుతో ఈ మూల నుంచి ఆ మూలకి ఐమూలగా రెండువైపులా కొలువు. రెండు కొలతలూ ఒకటే వస్తే ఫ్రేమ్ సరిగ్గా ఉన్నట్టు. ఎక్కువొచ్చిన వైపు మూల మీద సుత్తితో ఒక్క దెబ్బ, ట్యాకింగే కాబట్టి జరుగుతుంది. తర్వాత ఒక మూల కొంచెం, ఎదుటి మూల కొంచెం, అలా మారుస్తూ చెయ్. బల్లకి క్లాంపులతో బిగించి చేస్తే ఇంకా మేలు, చల్లారేదాకా మాత్రం విప్పకు.

ప్ర (కరీంనగర్): అన్నా, మా ఇంటి గేటు వెల్డింగ్ చేస్తుంటే దగ్గర నిలవడి చూసిన, నల్లద్దం పెట్టుకోలే. పగలంతా మంచిగనే ఉన్నది, రాత్రి పన్నెండింటికి కండ్లల్ల ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు ఆగలే. ఆలుగడ్డ ముక్కలు పెట్టుకోమన్నరు. చూపు పోతదా?

జ: భయపడకు తమ్ముడూ, ఆ వెలుగులో ఉండే అల్ట్రావయొలెట్ కిరణాలు కంటి పైపొరని కాల్చేస్తాయి, ఎండకి చర్మం కమిలినట్టే. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత బయటపడుతుంది, అందుకే అప్పుడు ఏమీ తెలీలేదు నీకు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఆలుగడ్డ వల్ల చల్లగా అనిపిస్తుందేమో గానీ కంట్లోకి రసాలూ పాలూ పొయ్యొద్దు, మందుల షాపులో నొప్పి తెలీకుండా చేసే మత్తు చుక్కలు అడిగి తెచ్చుకుని వేసుకోవడం ఇంకా ప్రమాదం, కంటి డాక్టర్‌కి చూపించు. నొప్పి తగ్గకపోయినా, చూపు మసకగా ఉన్నా అసలు ఆలస్యం చెయ్యకు.

చేసేవాళ్ళకి 2.5 రాడ్డుకైతే 10వ నంబరు నల్లద్దం, పెద్ద రాడ్లకి 11. చలవ కళ్ళద్దాలు, రెండు జతలు పెట్టుకున్నా సరే, దీనికి పనికిరావు. పిల్లల్ని షెడ్డు దగ్గరకి రానివ్వకండి, వాళ్ళు చూడకుండా ఉండలేరు. బట్టల సంగతి కూడా చెప్తా, నేను కుర్రాడిగా ఉన్నప్పుడు హవాయి చెప్పులేసుకుని తలపైకి వెల్డింగ్ కొడుతుంటే నిప్పురవ్వ వచ్చి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య కూర్చుంది, హోల్డర్ ఒకచోట నేనొకచోట, షెడ్డంతా గెంతాను. మచ్చ ఇప్పటికీ ఉంది. మూసిన బూట్లు, మందపాటి కాటన్ బట్టలు, తోలు గ్లౌజులు వేసుకోండి. పాలిస్టర్ చొక్కా కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ప్యాంటు కింద మడత పెట్టొద్దు, రవ్వలన్నీ అందులోకే చేరతాయి.

ప్ర (కూకట్‌పల్లి): అద్దె ఇల్లు, పార్కింగ్‌లో ఏసీ సాకెట్‌కి పెట్టి చేస్తున్నా. కాసేపటికి ప్లగ్గు వేడెక్కిపోతోంది, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే కట్టయ్యే స్విచ్చి) పడిపోతోంది. మెషిన్ ఎక్కువ లాగుతోందా?

జ: 80 ఆంప్స్ మీద 2.5 రాడ్డు కాలిస్తే మెషిన్ గోడ సాకెట్ నుంచి సుమారు 12 నుంచి 15 ఆంప్స్ దాకానే లాగుతుంది, 16 ఆంప్స్ సాకెట్ మంచిదైతే దానికి సరిపోతుంది. అదే మెషిన్ నిజంగా 200 ఆంప్స్ ఇస్తే 30 దరిదాపుల్లోకి వెళ్తుంది, ఏ ఇంటి సాకెట్టూ దానికి చాలదు. ప్లగ్గు వేడెక్కుతోందంటే సాకెట్ లూజైంది, లేదా మధ్యలో సన్నటి ఎక్స్‌టెన్షన్ ఉంది, చుట్ట చుట్టి అలాగే వాడుతున్నావేమో కూడా చూడు. ఎంసీబీ పడుతోంది కదా అని పెద్దది వేయించకు, అది కాపాడేది గోడలో ఉన్న వైరుని. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటర్ బోర్డు నుంచి వేరే లైను, 4 చదరపు మి.మీ. రాగి వైరుతో వేయించుకో, ఎర్తింగ్ చెక్ చేయించు. ఓనర్‌ని ముందు అడుగు.

ప్ర (గాజువాక): 4 అంగుళాల గ్రైండర్‌కి గార్డ్ (వీల్ మీద ఉండే మూత) అడ్డంగా ఉందని తీసేశా, 7 అంగుళాల వీల్ వేస్తే పని తొందరగా అవుతోంది. ఏమైనా ప్రాబ్లమా?

జ: ఇవాళే గార్డ్ పెట్టు. నీ 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11 వేల చుట్లు తిరుగుతుంది, 7 అంగుళాల వీల్ 8500కి మాత్రమే తట్టుకునేది, పగిలితే ముక్కలు నీ మొహం మీదకే. చెక్క కోసే పళ్ళ బ్లేడు కూడా దానికి పెట్టకు.

ప్ర (డాలస్, అమెరికా): అంకుల్, ఇక్కడ ఇంటికి రెండు కార్ల గరాజ్ ఉంది. అందరూ మిగ్ (రాడ్డు బదులు చుట్టలోంచి వైరు వచ్చే మెషిన్) కొనమంటున్నారు, మీరేమో రాడ్డు అంటున్నారు. 120 వోల్ట్స్ ప్లగ్ సరిపోతుందా?

జ: మిగ్ తొందరగా చేతికొస్తుంది బాబూ, కాదనను, సన్న రేకుకి అదే మంచిది కూడా. కాకపోతే ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండర్ కావాలి, గరాజ్ తలుపు తీసుంటే గాలికి ఆ గ్యాస్ చెదిరిపోయి వెల్డ్ అంతా చిల్లులు చిల్లులుగా వస్తుంది. గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ కోర్ వైరుతో మొదలెట్టు, కరిగిన ఇనుము చిందులు ఎక్కువ పడతాయి, అయినా సరే. 120 వోల్ట్స్ మీద సన్నవి చెయ్యొచ్చు, మందం పెరిగితే 240 ఉండాలి. గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్, గడ్డి కోసే మెషిన్ పెట్రోల్ డబ్బా ఉంటాయి, ముందు ఆ డబ్బా బయటపెట్టు. దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం వెల్డింగ్ క్లాసులుంటే చేరు, పక్కన నిలబడి నీ చెయ్యి పట్టుకుని సరిచేసేవాడు వీడియోలో దొరకడు.

ప్ర (ఏలూరు): పాత స్కూటర్ పెట్రోల్ ట్యాంకు కారుతోంది, కడిగేసి నేనే వెల్డ్ చేసుకోవచ్చా?

జ: వద్దు. కడిగినా లోపల ఆవిరి ఉంటుంది, ఖాళీ ట్యాంకే పేలుతుంది. కొత్త ట్యాంకు కొనుక్కో.

ప్ర (గుంటూరు): నమస్తే అండీ, నేను గృహిణిని, మా వారి మెషిన్‌తో మేడ మీద కుండీల స్టాండు చేశాను, ఫోటో పంపుతున్నా. పాత నీళ్ళ పైపులు వాడాను. ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు, నోరంతా అదోలా ఇనుము రుచి. మర్నాటికి తగ్గింది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

జ: ఉందమ్మా, నూటికి తొంభై పాళ్ళు ఉంది. అవి జీఐ (గాల్వనైజ్డ్ ఐరన్) పైపులు, పైన జింకు పూత. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, వెల్డింగ్ వేడి దానికి ఎన్నో రెట్లు, అందుకే మీకు తెల్లటి పొగ, దూది పింజల్లాంటి బూడిద కనిపించి ఉంటాయి. అది పీలిస్తే కొన్ని గంటలకి మలేరియాలా చలిజ్వరం వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. దమ్ము ఆడకపోతే మాత్రం ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ముందు గ్లాసుడు పాలు తాగితే ఏం కాదని మా షెడ్డుల్లో అందరూ అంటారు, పాలు కడుపులోకెళ్తాయి గానీ ఊపిరితిత్తుల్లోకి కాదు కదా. ఈసారి జింకు పూత లేని నల్లటి ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు కొనండి, జీఐ తప్పదంటే అతుకు దగ్గర రెండువైపులా రెండేసి అంగుళాలు పూత గ్రైండర్‌తో తీసెయ్యండి, ఆ దుమ్ము కూడా పీల్చకుండా మాస్కు పెట్టుకోండి, గాలి వీపు మీదుగా కాకుండా పక్కనుంచి పోయేలా కూర్చోండి, వీపు మీదుగా వస్తే పొగ మొహం ముందే సుడి తిరుగుతుంది.

ఫోటోలో స్టాండు బావుంది. ఎడమవైపు వెనక కాలు పొట్టిదైనట్టుంది, కింద ఇటుక ముక్క పెట్టారు కదా, అది తీసేసి పైపు అడుగున ఒక నట్టు వెల్డ్ చేసి అందులో బోల్టు బిగించండి, తిప్పి ఎత్తు సరిచేసుకోవచ్చు. పూత పోయిన చోట్ల తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పెయింటు వెయ్యడం మర్చిపోకండి.