కిలో బియ్యానికి 2,500 లీటర్ల నీళ్లంటారు, ఆ అంకెతో పర్యావరణ నష్టం తెలుస్తుందా?

తెలియదు. ఆ సగటులో వాన నీరు, కాలవ లేదా బోరు నీరు, ఎరువుల కాలుష్యాన్ని పలచన చేయడానికి కావాల్సిన నీరు, మూడూ కలిపేశారు. నష్టం తేల్చాలంటే నీరు ఎక్కడిది, ఏ నెలలో తోడారు అన్నది చూడాలి. కోనసీమలో మడికి పెట్టిన కాలవ నీటిలో కొంత మురుగుకాలవలోకి పోతుంది, దాన్ని దిగువన మళ్లీ వాడుకునే వీలుంటుంది. అందుకే పెట్టిన నీరంతా కాదు, ఆవిరయ్యో సముద్రంలో కలిసో తిరిగిరానిదే లెక్క. అదే పరిమాణం అనంతపురంలో ఏప్రిల్‌లో బోరు నుంచి లాగితే దెబ్బ చాలా ఎక్కువ.

2014లో వచ్చిన ఐఎస్ఓ 14046 ప్రమాణం ఇలాంటి మదింపుకే. ఎక్కువగా వాడే ‘అవేర్’ పద్ధతిలో, మనుషులకూ జీవావరణానికీ పోగా ఆ ప్రాంతంలో మిగిలే నీటిని బట్టి 0.1 నుంచి 100 వరకు గుణకం ఉంటుంది; మిగిలేది తక్కువైతే గుణకం ఎక్కువ. ఖర్చయిన నీటిని దాంతో గుణిస్తారు.

వాన నీటితోనే పెరిగే యూకలిప్టస్ లాంటి తోటలతోనే చిక్కు. మోటారు లేదు కదా అని నీటి ఖర్చు సున్నా వేసేస్తారు, నన్నడిగితే అది తప్పు. అక్కడ పచ్చికో తుప్పలో ఉంటే ఎంత ఆవిరయ్యేది, ఇప్పుడెంత? ఆ తేడా మేరకు దిగువ చెరువుకు వచ్చే నీరు తగ్గుతుంది.