హర్షకు: రీఫ్ ట్యాంకులో లైటు ఎంత పెట్టాలి

చి. హర్షకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను, ఫోటోలు కూడా పెద్దవి చేసి చూశాను. 40 గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంకు, లోపల కోరల్స్, అంటే బతికున్న పగడాలు, పైన రెండు చిన్న ఎల్‌ఈడీలు. చిన్న పూలగుత్తుల్లా ఉండే జోయాంథిడ్స్ బాగానే విచ్చుకున్నాయి, పొడవాటి చేతులుండే టార్చ్ కోరల్ మాత్రం ముడుచుకుని కూర్చుంది. "షాపతను లైటు 40 శాతం పెట్టమంటాడు, నా ఫ్రెండ్ 80 పెట్టాడు, నేనెంత పెట్టాలి పెద్దమ్మా" అని అడిగావు. వాళ్లిద్దరూ వాళ్ల ట్యాంకుల గురించి నిజమే చెప్పి ఉంటారు. నీకు ఆ రెండు అంకెలూ పనికిరావు.

లైటుని నడిపే ఆప్‌లో ఉండే శాతం దాన్ని ఎంత జోరుగా వెలిగిస్తున్నావో చెప్తుందంతే. కోరల్ దగ్గరికి ఎంత వెలుతురు చేరిందో దానికి తెలియదు. అదే 60 శాతం, లైటు నీటికి 6 అంగుళాల పైన ఉంటే ఒక రకంగా ఉంటుంది, 12 అంగుళాల పైన ఉంటే ఇంకో రకంగా ఉంటుంది. మధ్యలో లెన్సు కోణం ఉంది, నీటి లోతు ఉంది, గాజు మూత, దాని మీద పేరుకున్న ఉప్పు మరకలు ఉన్నాయి. పైగా ఒక్కో రంగుకీ ఒక్కో ఛానెల్ ఉంటుంది, నీలం ఛానెళ్లు 80లో, తెల్లది 10లో పెట్టినవాడూ 80 అనే చెప్తాడు, అన్నీ 80కి తోసినవాడూ 80 అనే చెప్తాడు. నీ ఫ్రెండ్ ఏ రకమో అడిగావా?

కొలవాల్సింది పార్ (PAR). 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యలో ఉన్న కాంతి, అంటే కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి, ఒక చోట ఎంత పడుతోందో చెప్పే అంకె అది. యూనిట్ పేరు చాంతాడంత ఉంటుంది, దాన్ని వదిలెయ్. ఉష్ణమండలంలో మబ్బు లేని మిట్టమధ్యాహ్నం సముద్రం పైన ఈ అంకె 2000 దాకా ఉంటుంది. కోరల్స్ సముద్రంలో పుట్టినవే కదా అని ట్యాంకులో అంత ఇవ్వక్కర్లేదు. సముద్రంలో అంత వెలుతురు ఉండేది నడినెత్తి మీద ఎండ ఉన్న కాసేపే, అదీ నీటి పైనే. లోతుకి వెళ్లే కొద్దీ తగ్గిపోతుంది. మన లైటు గంటల తరబడి ఒకే జోరుతో కొడుతుంది.

దీన్ని కంటితో అంచనా వేయడం కుదరదు. మన కన్ను ఆకుపచ్చ, పసుపు దగ్గర బాగా చూస్తుంది, నీలం దగ్గర మందగిస్తుంది. రీఫ్ లైట్లలో సింహభాగం నీలమే. అందుకే ట్యాంకు మసక మసగ్గా కనిపిస్తుంటే లోపల కోరల్ మాడిపోతూ ఉండవచ్చు. ఫోన్‌లో లక్స్ కొలిచే ఆప్‌లు కూడా మనిషి కన్నుకి తగ్గట్టు లెక్కగట్టేవే కాబట్టి నీలం లైటు కింద వాటి మాట నమ్మకు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ట్యాంకు ముందు కూర్చుని, "ఇంకాస్త వెలుగు ఉంటే బాగుండు" అని స్లయిడర్ పైకి తోస్తావు చూడు, నీ టార్చ్ ముడుచుకోవడానికి ఆ ఇంకాస్తే కారణమని నా అనుమానం.

మీటరు కొనమని చెప్పను, ఖరీదెక్కువ. మీ ఊరి రీఫ్ క్లబ్బులో అడుగు, చాలా క్లబ్బులు సభ్యులకి పార్ మీటరు అరువిస్తాయి. కొన్ని షాపులు అద్దెకిస్తాయి. అపోజీ వాళ్ల ఎంక్యూ-510 దొరికితే మంచిది, నీళ్లలో వాడటానికే చేసింది, చూపించిన అంకె చూపించినట్టు రాసుకోవచ్చు. అదే కంపెనీ ఎంక్యూ-500 దొరికితే నీళ్లలో వచ్చిన అంకెని 1.32తో గుణించాలి. ఆ సంగతి తెలియక చాలామంది తమ ట్యాంకులో వెలుతురు తక్కువనుకుని ఇంకా పెంచేస్తారు.

కొలిచేటప్పుడు లైటు ఆ రోజుకి పూర్తి జోరు మీద ఉండాలి. వేవ్ పంపులు ఆపెయ్. అలల వల్ల వెలుతురు చారలు చారలుగా కదిలి అంకె ఎగిరెగిరి పడుతుంది, దేన్ని రాసుకోవాలో తెలియదు. సెన్సర్ నిటారుగా పైకి చూడాలి, నీ చెయ్యి నీడ దాని మీద పడకూడదు. ఇసుక మీద, రాళ్ల నడుమ, రాళ్ల కొన మీద కొలువు. ప్రతి మట్టంలోనూ లైటు సరిగ్గా కింద, రెండు లైట్ల మధ్య, మూలల్లో కొలువు. కాగితం మీద ట్యాంకు బొమ్మ గీసి అంకెలు వేసుకో. నీది 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 16 ఎత్తు ఉన్న ట్యాంకు. లైటు కింద రాతి కొన మీద ఉన్న అంకెకీ ఇసుక మూలలో ఉన్న అంకెకీ ఎంత తేడా ఉందో చూస్తే "ట్యాంకుకి ఎంత శాతం" అన్న ప్రశ్నే నువ్వు మళ్లీ అడగవు. ఒకే ట్యాంకులో నాలుగైదు రకాల చోట్లు ఉంటాయి. ముందు లైటు ఒక దగ్గర నిలబెట్టి, తర్వాత ఏ కోరల్‌కి ఏ చోటో వెతకాలి.

ఏ కోరల్‌కి ఎంత పార్ అంటే, మష్రూమ్ కోరల్స్, మెత్తటి లెదర్ కోరల్స్ 50 నుంచి 100 మధ్యలో హాయిగా ఉంటాయి. జోయాంథిడ్స్, టార్చ్, హామర్ లాంటివాటికి 80 నుంచి 150. గట్టి రాతి పగడాల్లో మోంటిపోరాకి 150 నుంచి 250. ఆక్రోపోరా 250 పైన, 350 దాకా అడుగుతుంది, దాని జోలికి నువ్విప్పుడే వెళ్లకు. ఇవి గీత గీసిన హద్దులేం కావు. 200లో మెరిసిపోయే జోయాంథిడ్స్ కూడా ఉంటాయి. నీ ట్యాంకు వరకు ఇసుక మీద 60-80, నడిమట్టంలో 100-150, లైటు కింద రాతి కొన మీద 200 దాటకుండా పెట్టుకో. ఆ అంకెలు రావడానికి ఆప్‌లో 35 పెట్టాల్సి వస్తుందో 55 పెట్టాల్సి వస్తుందో, అంతే పెట్టు. రాతి కొన మీద మరీ ఎక్కువ, మూలల్లో మరీ తక్కువ వస్తే శాతంతో కుస్తీ పట్టకుండా లైటుని రెండు మూడు అంగుళాలు పైకి ఎత్తు. వెలుతురు పరుచుకుంటుంది.

తక్కువ వైపే ఎందుకు మొగ్గమంటున్నానో కూడా చెప్తాను. కోరల్ కణాల లోపల జూజాంథెల్లే అనే సూక్ష్మమైన శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి కోరల్‌కి పెడతాయి. వెలుతురు తక్కువైతే కోరల్ ఆ శైవలాల్ని, వాటిలో రంగు పదార్థాన్ని పెంచుకుంటుంది. గోధుమ రంగుకి తిరుగుతుంది, జోయాంథిడ్స్ అయితే కాడలు సాగదీస్తాయి. అందం తగ్గుతుంది, ఎదుగుదల తగ్గుతుంది, కానీ వారాలు నెలలు ఓర్చుకుంటుంది, నీకు దిద్దుకునే సమయం ఇస్తుంది. వెలుతురు ఎక్కువైతే ఆ శైవలాల లోపల హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి, కోరల్ వాటిని భరించలేక శైవలాల్నే బయటికి గెంటేస్తుంది. తెల్లబడటం అంటే అదే. రోజుల్లో జరిగిపోతుంది. కడియం నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కని తెచ్చి మే నెల ఎండలో పెడితే ఆకులు ఎలా మాడతాయో చిన్నప్పుడు చూశావుగా, కొత్త ఫ్రాగ్, అంటే పెద్ద కోరల్ నుంచి తుంచి అమ్మే ముక్క, దాని పరిస్థితీ అంతే.

ఇక నీ టార్చ్. తప్పంతా లైటుదే అని ఇప్పుడే తీర్పు చెప్పకు. లైటు వైపు తిరిగిన భాగం పాలిపోయి, నీడలో ఉన్న భాగంలో రంగు అలాగే ఉంటే వెలుతురు ఎక్కువైనట్టు. రంగు ఎక్కడా తగ్గకుండా మొత్తం ముడుచుకుంటే ముందు పంపు వైపు చూడు. టార్చ్‌కి నీటి ప్రవాహం మొహం మీద కొట్టినట్టు తగిలితే నచ్చదు, చేతులు మెల్లగా ఊగాలి. తర్వాత ఉప్పు సాంద్రత, ఆల్కలినిటీ (కోరల్ తన అస్థిపంజరం కట్టుకోవడానికి వాడే కార్బొనేట్లు నీళ్లలో ఎంత ఉన్నాయో చెప్పే అంకె) చూడు. నీ మూడో ఫోటోలో పైభాగం కాస్త పాలిపోయినట్టే నాకు కనిపించింది, కానీ నీలం లైటు కింద తీసిన ఫోటో కదా, గట్టిగా చెప్పలేను. తెల్ల లైటు వేసి ఇంకోటి తియ్యి. ఈలోపు దాన్ని ఇసుక మీదికి, ఓ పక్కకి దించు. లైటు ముట్టుకోకు, నీళ్లు మార్చకు, కొత్త మందులేవీ పొయ్యకు. ఒకేసారి నాలుగు మార్చావంటే ఏది పని చేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. కనీసం పది రోజులు దాని మానాన దాన్ని వదిలెయ్. ఒరేయ్, రోజుకోసారి చోటు మార్చావో, అప్పుడు లైటు కాదు, నువ్వే దాన్ని చంపుతావు.

అంకెలు కొలిచాక లైటు పెంచాల్సి వస్తే ఆప్‌లో వారానికి 5 శాతం చొప్పున పెంచు. నీ ఆప్‌లో అలవాటు చేసే సెట్టింగ్ ఉంటే అది వాడుకో, అనుకున్న జోరులో సగంతో మొదలుపెట్టి నాలుగు వారాల్లో పూర్తికి తీసుకెళ్లేలా పెట్టు. కొత్త ఫ్రాగ్ కొన్నప్పుడు అమ్మినవాణ్ని ఎంత పార్ కింద పెంచాడో అడుగు. మంచివాడైతే చెప్తాడు, చెప్పలేకపోతే ఇసుక మీద మొదలుపెట్టు.

గంటల సంగతి కూడా ఇందులో భాగమే. 200 పార్ 10 గంటలు ఇస్తే రోజు మొత్తానికి పడిన కాంతి చదరపు మీటరుకి 7.2 మోల్స్ అవుతుంది, అదే 14 గంటలు ఇస్తే 10 దాటుతుంది. శాతం ముట్టుకోకుండానే లైటు పెంచినట్టు. రాత్రి పదకొండింటి దాకా చూసుకోవాలని నీకుంటే మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెట్టు, పొద్దున్నే వెలిగించడం దేనికి? మొదట ఒక గంట మెల్లగా పెరిగేలా, చివర ఒక గంట మెల్లగా తగ్గేలా పెట్టు. రంగుల విషయంలో నీలం ఛానెళ్లు ఎక్కువ, తెల్లది కొంచెం, ఎరుపు ఆకుపచ్చ నామమాత్రం. ఒకసారి పెట్టాక దానితో ఆటలాడకు.

నువ్వు ఏమీ ముట్టుకోకపోయినా వెలుతురు పెరిగే సందర్భాలు ఉన్నాయి, వాటి దగ్గర చాలామంది దెబ్బతింటారు. చాలాకాలంగా యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లని తేటపరిచే బొగ్గు) వాడకుండా ఉన్న ట్యాంకులో నీళ్లకి పసుపు చాయ వస్తుంది. ఒక్కసారిగా కార్బన్ దండిగా వేశావంటే నీళ్లు రెండు రోజుల్లో తేటపడి వెలుతురు, ముఖ్యంగా నీలం, లోపలికి దూసుకెళ్తుంది. కార్బన్ కొంచెం కొంచెంగా వెయ్యి. ఉప్పు పేరుకున్న లెన్సు తుడిచినా, గాజు మూత తీసేసినా అంతే. తుడవడం నెలకోసారి అలవాటు చేసుకో, అప్పుడు ఒక్కసారిగా తేడా రాదు.

నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి దిగిపోయిన నీళ్లలో లైటు పెంచితే కోరల్స్ ఇంకా త్వరగా పాలిపోతాయి. శుభ్రం పేరుతో సున్నా కోసం తాపత్రయపడకు. నైట్రేట్ 5-10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03-0.1 పీపీఎం ఉండనీ. లైటు పెరిగి కోరల్స్ ఎదగడం మొదలైతే ఆల్కలినిటీ కూడా ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి లైటు పెంచిన వారాల్లో రెండు రోజులకోసారి టెస్ట్ చెయ్యి. టెస్ట్ కిట్ చూపించే డీకేహెచ్ (dKH) అంకె 8, 9 మధ్య ఏదో ఒక చోట నిలకడగా ఉంటే చాలు.

ఇంకో మాట. హైదరాబాద్‌లో మీ బావ కూడా ఇలాంటి ట్యాంకు పెడతానంటున్నాడట. ఇండియాలో రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఎవరో అమ్ముతున్నారని కొనేస్తే చిక్కుల్లో పడతాడు. చేపలతో సరిపెట్టుకోమను, లైట్లు నువ్వు పంపించకు.

తెల్ల లైటులో తీసిన టార్చ్ ఫోటో, పంపు ఏ వైపు తిరిగి ఉందో, ఆల్కలినిటీ ఎంత ఉందో ఈ రాత్రికి పంపించు. మీటరు దొరికాక అంకెలు వేసిన బొమ్మ పంపు, ఏ రాయి మీద ఏది పెట్టాలో ఇద్దరం చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ
హ్యూస్టన్