ఎర్ర పొడి తెల్ల చెక్కలోకి దిగకుండా

ప్రశ్న: అంకుడు చెక్క, ఎర్రటి పడాక్ చెక్క పట్టీలు నిలువుగా అతికించి లేత్ (చెక్కను తిప్పే యంత్రం) మీద పెన్నులు చేస్తున్నాను. శాండ్‌పేపర్ పట్టగానే తెల్లటి అంకుడు గులాబీ రంగుకు తిరుగుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: అది పడాక్ పొడి పనేనండీ. పెన్ను తిరిగే ప్రతి చుట్టుకీ ఆ మెత్తటి ఎర్ర పొడి పేపర్‌కు అంటుకుని, పక్కనున్న అంకుడు సన్న రంధ్రాల్లో కూరుకుపోతుంది. ముందు ఉలికి మంచి పదును పెట్టండి. ఉలితోనే నున్నగా తెస్తే ముతక పేపర్‌తో పనుండదు, నేరుగా 320 నంబరు సన్న పేపర్‌తో మొదలుపెట్టొచ్చు.

శాండింగ్‌కు ముందే లేత్ ఆపి, పల్చటి సూపర్ గ్లూ ఒక పూత పొడవునా వేసి బాగా ఆరనివ్వండి. రంధ్రాలు మూసుకుంటాయి. స్పిరిట్‌తో మాత్రం దయచేసి తుడవకండి! పడాక్ రంగు స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకే స్పిరిట్‌లో కలిపిన లక్క పాలిష్‌ని తొలి పూతగా వేయడానికి నేను అస్సలు ఒప్పుకోను.

చివరి నంబర్ల పేపర్లను లేత్ ఆపేసి, చేత్తో పొడవునా రుద్దండి. అంకుడుకో పేపర్, పడాక్‌కో పేపర్. నంబరు మార్చినప్పుడల్లా పొడిని గాలితో ఊదేయండి. మాస్కు తప్పనిసరి, పడాక్ పొడి ఊపిరికి మంచిది కాదు.

ఇప్పటికే రంగెక్కిన పెన్నులకు ఇంకా రుద్దకండి. పదునైన ఉలితో పల్చటి పొర ఒకటి తీసేస్తే కింద తెల్ల చెక్క బయటపడుతుంది.